తిక్కస్వామి గిన్నె

కర్నూలు కాలేయశాలలో పరిమళది ఒక రకంగా వంటింటి పనే. రోగుల ఎముక మూలుగ నుంచి తీసిన కణాలు గిన్నెల్లో కాలేయంగా మారేదాకా, రోజూ పొద్దున్నే వాటికి పోషక ద్రవం మార్చాలి. ప్రతి గిన్నె మీదా మనిషి పేరుంటుంది.

తిక్కస్వామి గిన్నె ఇంకో తొమ్మిది రోజుల్లో సిద్ధమయ్యేది. మొన్న ఆయన అంబులెన్సులోనే పోయాడు. మనిషి పోతే గిన్నెలో బ్లీచింగు పోసి పారబోయాలి. పరిమళ దాన్ని చేతిలోకి తీసుకునేసరికి ఆయన భార్య ఈరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అది ఇంగా బతికే ఉందా తల్లీ?"

పరిమళకు అబద్ధం నోట రాలేదు. "ఉందమ్మా."

ఈరమ్మ కొంగుచాటు నుంచి చిన్న చెంబు తీసింది. "ఆయప్ప పొయ్యేతప్పుడు నేను చేన్లో ఉంటి. నోట్లో గుక్కెడు నీళ్లు పోసేదానికి గుడక ఎవరూ లేకపాయె. దీనికన్నా పోస్తా."

మామూలు నీళ్లు తగిలితే కణాలు ఉబ్బి పగిలిపోతాయని పరిమళకు తెలుసు. అయినా బ్లీచింగు సీసా పక్కకు జరిపి, గిన్నె మూత తీసింది.

ఈరమ్మ మూడుసార్లు నీళ్లు వదిలింది. పరిమళ మైక్రోస్కోపులోకి వంగింది. కణాలు ఒక్కొక్కటే నీళ్లు పీల్చుకుని నిండుతున్నాయి.

"తాగినాడా తల్లీ?"

"తాగాడమ్మా," అంది పరిమళ తలెత్తకుండానే. "కడుపునిండా తాగాడు."