కోటు మీది ముఖం

మెడ దాకా నేయడం అయింది. ఇక ముఖమే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆ మహానుభావుడి పదవి ఊడింది.

సిరిసిల్లలో చేతిమగ్గం మీద మనుషుల బొమ్మలు నేసేవాళ్లు కొద్దిమందే. పెంటయ్య వాళ్లలో ఒకడు. జగిత్యాల వ్యాపారి కరుణాకర్ రావు లండన్‌లో చేనేత ప్రదర్శనకు వెళ్తున్నాడు. బ్రిటన్ ప్రధాని బొమ్మ నేసిస్తే ఆయన చేతికే అందిస్తానన్నాడు. పెంటయ్యకు జన్మకో అవకాశం. నాలుగు నెలలు నడుము పడిపోయేలా కూర్చుని, కింది నుంచి పైకి కోటు, టై, కాలరు నేసుకొచ్చాడు.

ఇప్పుడు టీవీలో ఆ ప్రధాని గుమ్మం ముందు నిలబడి రాజీనామా చదువుతున్నాడు. దించింది ప్రతిపక్షం కాదట. సొంత పార్టీవాళ్లే నమ్మకం లేదని ఉత్తరాలు రాశారట.

"మొదటి ఉత్తరం ఎవ్వలు రాసిండ్రు బిడ్డా?" కూతురు శ్రీలతను అడిగాడు పెంటయ్య.

"పేరు చెప్తలేరు బాపూ. దగ్గరోడేనట," అంది శ్రీలత ఫోన్ చూసి.

అతని భార్య రాజమణి టీవీ కట్టేసి వంటింట్లోకి పోయింది. ఆ పూట పెంటయ్యకు ముద్ద దిగలేదు. కష్టమంతా మట్టిపాలైంది కదా, పాపం అనుకున్నారు ఇరుగుపొరుగు.

సాయంత్రం కరుణాకర్ రావు ఫోన్ చేశాడు.

"గాయన పోతే ఇంకొకాయన వస్తడు పెంటయ్యా. కోటు అందరికీ ఒక్కటే. కొత్తాయన ముఖం పెట్టు, ఎవరో తేలంగనే ఫొటో పంపుత."

మాట సబబే. ఫొటో వచ్చాక పెంటయ్య దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి ఆడలేదు. ఇలాంటప్పుడు రాజమణి అన్న రాములు పక్కనుండాలి. బొమ్మ నేయడం నేర్పిందే ఆ బావ. రోజూ పొద్దున్నే వచ్చి, పోగులు సవరించి, చాయ్ తాగి పోయేవాడు. ఆయన ఈ గడప తొక్కి ఏడాదైంది.

పది రోజులు పెంటయ్య ఒంటరిగా కూర్చుని నేశాడు. లేచినప్పుడల్లా మగ్గం మీద పాత చీర కప్పి, ఇంట్లోవాళ్లను కూడా చూడనివ్వలేదు.

చివరికి కరుణాకర్ రావు కారు దిగి వచ్చి, నేసిన బట్ట విప్పి చూశాడు. కోటు బ్రహ్మాండంగా కుదిరింది. ముఖం చూసి నొసలు ముడిచాడు.

"గీయనెవరు? ఏ దేశం ప్రధాని?"

పెంటయ్య తల ఎత్తలేదు. "ఇది లండన్ పోదు సార్. రెండు గల్లీల అవతలికి పోతది. నేనే తీస్కపోత."

రాజమణి తొంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

కోటు మీద నవ్వుతున్నది రాములు బావ. నిరుడు చేనేత సంఘం అధ్యక్ష పదవి నుంచి ఆయన్ని దించేసిన అవిశ్వాస తీర్మానం మీద మొట్టమొదటి సంతకం పెంటయ్యదే.