జీపుకు పెద్ద అద్దాలు

"మెడ తిరిగేదానికే కదా సార్, ఆపరేషన్ చేసి కొత్త డిస్కు పెట్టింది?" అని అడిగితే, దాని చుట్టూ ఎముక పెరిగి బిగుసుకుపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపించినాడు.

మెడ తిరగడం లేదని తెలిస్తే నా పెండ్లాం స్వర్ణలత నన్ను పుంగనూరుకు జీపు తోలనీదు. అందుకే మూడు నెలలుగా ఎవరు పిలిచినా పెండ్లికొడుకు మాదిరి ఒళ్లంతా తిప్పి చూస్తా ఉండా. "ఏందయ్యా ఆ పొగరు?" అంటే, నడుముకు కసరత్తని దబాయించినా.

పిచ్చిది, నమ్మేసింది. ఆ వారమే జీపుకు రెండు పక్కలా పెద్ద అద్దాలు బిగించింది. "బొట్టు దిద్దుకునేదానికా?" అని ఎగతాళి చేస్తే, "అవునయ్యా" అనింది.

"ఆమెకు మాత్రం చెప్పొద్దు సార్" అని బతిమాలినా.

డాక్టరు నవ్వినాడు. "నీ మెడ తిరగడం లేదని మూడు నెలల కిందటే వచ్చి చెప్పిందయ్యా. అద్దాలు బిగించిందా?"