పేరుమోసిన చెయ్యి

"కొట్టే ముందు ఒక్కసారి కెమెరా వైపు తిరగాలన్నా. మొహం కనబడకపోతే ఎవడూ నమ్మడు," అన్నాడు తోలు కోట్ల వ్యాపారి జమీర్.

షార్షెన్ చేతిలో గొడ్డలి కామ కర్ర పట్టుకుని, అంగళ్ళుగా మార్చిన కంటైనర్ల మధ్య సందులో మంచు తొక్కుకుంటూ నడుస్తున్నాడు. ఎదురొచ్చిన హమాలీలు బండ్లు పక్కకు లాగి దారిచ్చారు. ఒక ముసలి హమాలీ గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పాడు.

మరి గొడ్డలి షార్షెన్ అంటే మాటలా? బిష్కేక్ బజారులో ఆ పేరు ముప్పై ఏళ్ళుగా నడుస్తోంది. సోవియట్ రాజ్యం పోయి, బలమున్నవాడిదే అంగడి అయిన రోజుల్లో, షార్షెన్ ఓష్ పట్నంలో ఒకడి చెవి కోసుకొచ్చాడని చాయ్‌ఖానాలో కథ పుట్టింది. నెత్తురోడే కాగితం పొట్లం బల్ల మీద ఉండటం పదిమంది చూశారు. విప్పి చూసే గుండె మాత్రం ఎవడికీ లేకపోయింది. మర్నాటికల్లా, దౌర్జన్యంగా లాక్కున్న రెండు అంగళ్ళు సొంతదారుల చేతికొచ్చాయి.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. "షార్షెన్ రేపు వస్తున్నాడు" అని ఒక్క మెసేజ్ వెళితే చాలు, ఆ వరసలో నాలుగు అంగళ్ళు మూతపడేవి. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో ఆయన ఫొటో తిరిగింది. నుదుటి మీద గాటు, కింద ఏడుగురితో ఒంటరిగా కలబడ్డాడన్న రాత. ఆ గాటు సంగతి అడిగితే ఆయన నోరు విప్పేవాడు కాదు. చెప్పేవాళ్ళు వేరే ఉండేవారు. పోటీవాడిని బెదరగొట్టాలనుకున్న ప్రతి వ్యాపారీ షార్షెన్ గుమ్మం తొక్కాడు. ఆ పేరు మీదే ఇల్లు గడిచింది.

ఇప్పుడు ఆ పేరుకే ఎసరొచ్చింది. తెచ్చినవాడు ఎర్కిన్. వాడూ జమీర్‌లాగే తోలు కోట్లు అమ్ముతాడు, కాకపోతే ఫోన్ ముందు నిలబడి లైవ్‌లో అమ్ముతాడు. మొన్న జమీర్ కోటు ఒకటి తెప్పించి, దానికి లైటర్ పెట్టి, "వాసన చూడండి. ఇది గొర్రె తోలా, ప్లాస్టిక్ బకెట్టా?" అని నవ్వించాడు. అప్పట్నుంచీ జమీర్ ఈగలు తోలుకుంటున్నాడు.

జమీర్ పిలిపిస్తే షార్షెన్ ఎప్పటిలాగే మెసేజ్ పంపాడు. ఎర్కిన్ దాన్ని కూడా లైవ్‌లో చదివాడు. "ఈ తాత చేతిలో దెబ్బతిన్నవాడు ఒక్కడుంటే రండి, వేడి వేడి మాంసం సమ్సాలు పెడతాను," అన్నాడు. ఒక్కడూ రాలేదు. భయపడి రాలేదని బజారు అనుకుంది.

"మీ కాలంలో చాయ్ దగ్గర ఒకడు చెబితే వందమంది వణికేవాళ్ళు," అన్నాడు జమీర్. "ఇప్పుడు వీడియో లేకపోతే అసలు జరగనట్టే. ఇవాళ వాడి దవడ పగలాలి. లేకపోతే నేనే కాదు, ఇంకెవడూ నిన్ను పిలవడు."

సందు మలుపులో షార్షెన్ పెళ్ళాం బురుల్ మంట గొట్టం పట్టుకుని గొర్రె తలకాయలు కాలుస్తోంది. మొగుడి చేతిలో కర్ర చూసి మంట ఆర్పేసింది.

"వెళ్ళకయ్యా. పేరు పోతే పోయింది. నా తలకాయల బేరం చాలు మనకి."

"ముప్పై ఏళ్ళు నిలబెట్టిన పేరే," అన్నాడు షార్షెన్.

"ఎవరు నిలబెట్టారో నాకు తెలీదా?"

ఆయన తల తిప్పుకుని ముందుకు నడిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

ఎర్కిన్ అప్పటికే తన అంగడి ముందు లైవ్‌లో ఉన్నాడు. "రండి తాతా. నాలుగు వేలమంది మీకోసమే కూర్చున్నారు."

షార్షెన్ కర్ర ఎత్తాడు. నిలువుటద్దం భళ్ళున పగిలింది. కోటు తొడిగిన ప్లాస్టిక్ బొమ్మ తల ఎగిరి మంచులో దొర్లింది. రెండో బొమ్మ నడుం దగ్గర విరిగింది. ఎర్కిన్ ఒక అడుగు వెనక్కి వేశాడు కానీ నవ్వు ఆపలేదు.

"బొమ్మల్ని బాగా కొడుతున్నారు. మనుషుల్ని కూడా కొడతారా?"

ఫోన్ మీద రాతలు పరుగెడుతున్నాయి. ముసలోడి నాటకం. కొట్టవయ్యా. పోయి పడుకో తాతా. షార్షెన్ కర్ర ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. కోపంతో ఊగిపోతున్నాడని గుంపులో ఎవరో అన్నారు.

ఎర్కిన్ దగ్గరికొచ్చి చెంప చూపించాడు. "ఇదిగో, ఇక్కడ."

"కెమెరా, అన్నా," అని వెనక నుంచి గొణిగాడు జమీర్.

షార్షెన్ కెమెరా వైపు తిరిగాడు. తర్వాత కొట్టాడు.

మొదటి దెబ్బకే దవడ విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అక్కడితో ఆగొచ్చు. ఆయన ఆగలేదు. ఎక్కడ కొడుతున్నాడో, ఎంత బలంగా కొడుతున్నాడో చూసుకోలేదు. భుజం మీద, చెవి మీద, అడ్డం పెట్టిన వేళ్ళ మీద, కిందపడ్డాక నడినెత్తి మీద. తెల్లటి గొర్రెబొచ్చు కోట్ల మీద నెత్తురు చిమ్మింది.

"చాలన్నా, చచ్చిపోతాడు," అని జమీర్ నడుం పట్టుకుని లాగాడు.

ఎర్కిన్ కదల్లేదు. ఫోన్‌లో మాత్రం ఎర్ర గుండె బొమ్మలు పైకి తేలుతూనే ఉన్నాయి. చూసేవాళ్ళ లెక్క ఇరవై వేలు దాటింది.

"ఓష్‌లో కూడా ఇలాగే కొట్టుంటాడు," అన్నాడు ముసలి హమాలీ పక్కవాడితో.

షార్షెన్ కర్ర వదిలేసి, తన చేతుల్ని తానే ఎగాదిగా చూసుకుంటూ నిలబడ్డాడు.

ముప్పై ఏళ్ళ కిందట గొర్రె చెవిని కాగితంలో చుట్టి చాయ్‌ఖానా బల్ల మీద పెట్టించిన బురుల్‌కి ఒక్కదానికే తెలుసు, తన మొగుడు ఒక మనిషి మీద చెయ్యి చేసుకోవడం ఇదే మొదటిసారని.