సగం వచ్చిన అంచు

"గిది బరువైతది బిడ్డా. ఇంక తేలికది చెప్పు." సదానందం పట్టు వదల్లేదు.

హారతికి విసుగొచ్చింది. కరోనా రెండో వేవ్ తగ్గాక ఊరి నుంచి నిన్ననే సూరత్ తిరిగొచ్చింది. పెట్టె విప్పకముందే మగ్గాలు నడిపే ఈ కాక వచ్చి, కంప్యూటర్ చూద్దువు రమ్మని నవాగామ్‌లోని తన గదికి తీసుకొచ్చాడు. ప్రోగ్రాములు రాసే టూల్ ఏది చెప్పినా వంక పెడుతున్నాడు.

"ఉమాకాంతే వచ్చి అడగొచ్చు గదా కాకా? అడగంది అమ్మైన పెట్టది. అప్పుడు నా కంప్యూటర్ కోర్సు చూసి నవ్విండు, ఇప్పుడు నన్ను అడుగుడు శరమైతుందా నీ కొడుక్కు?"

చాయ్ తెచ్చిన సదానందం భార్య ప్రమీల గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"గవన్నీ ఎందుకు బిడ్డా," అన్నాడు సదానందం. "కొత్తగ నేర్చుకునేటోల్లకు ఏది మంచిదో గది చెప్పు. పైసలు పడొద్దు."

కార్ఖానా ఆఫీసువాళ్ళు పక్కన పడేస్తే ఉమాకాంత్ తెచ్చుకున్న పాత కంప్యూటర్ అది. హారతి అతను రాసిన ప్రోగ్రాం నడిపింది. తెర మీద చుక్కలతో చీర అంచు ఒక్కో వరుసే వచ్చింది. చూడముచ్చటగా ఉంది. సగానికి వచ్చి ఆగిపోయింది, కింద ఎర్ర అక్షరాలు పడ్డాయి.

"ఇదంత గడ్బడ్ ఉన్నది. తీసేసి కొత్తది రాసుకోమను."

సదానందం ముఖం మారిపోయింది. "సగం నేసినంక పడుగు కోస్తరా ఎవలన్న?"

ఆ గొంతు విని హారతి తగ్గింది.

"సరే కాకా. థానీ అని ఒకటున్నది. ఉత్తగనే వస్తది, ఈ డబ్బాల గూడ నడుస్తది. ప్రోగ్రాంను ఒక్కొక్క లైన్ కాడ ఆపుకుంట నడిపిస్తది. తప్పు ఎక్కడున్నదో మనకే కనిపిస్తది."

"దారం తెగిన కాడ మగ్గం ఆగినట్టా?"

"అచ్చం గట్లనే."

"అయితే గదే ఎక్కియ్యి."

హారతి తన ఫోన్ నెట్‌తో ఎక్కించింది. రెండు లైన్లు నడిపేసరికి ఆమెకు నవ్వొచ్చింది.

"దొరికింది కాకా. చిన్నదే. నిమిషంల సరిచేస్త."

"వద్దు." సదానందం ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "నువ్వు ముట్టకు బిడ్డా."

హారతి చిన్నబుచ్చుకుంది. ఇంతసేపు కూర్చోబెట్టి ఇదేం మాట అనుకుంది. "మరి ఉమాకాంత్‌ను పిలువు. ఎట్ల నడపాల్నో ఆనికే చూపిస్త."

సదానందం స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. మగ్గం నూనె ఇంకిన చేతిని లుంగీకి తుడుచుకుని మౌస్ మీద పెట్టాడు. వేలితో ఎక్కడ నొక్కాలో తెలియక ఆగాడు.

"నాకు చూపియ్యి బిడ్డా. నేసెటోడు కాలం జేస్తే, ఆని మగ్గం మీది పడుగు ఇంట్లోల్లే నేసి దించాలె."