వడపోత పొరల అవతల

ఆర్నో నది ఒడ్డున తోళ్ల కర్మాగారం. ఆ రాత్రి పూడిన గొట్టం తీయడానికి మురుగు తొట్టెలోకి దిగుతూ దుయీలియో నవ్వాడు. "నిచ్చెన మీద మూడు దెబ్బలు వినిపిస్తున్నంతసేపూ నీ మొగుడు బతికున్నట్టేనే, ఓర్నెల్లా."

పైన అతని నడుముకు కట్టిన తాడు పట్టుకున్న ఓర్నెల్లాకు, సున్నమూ పటికా కలిపిన బురద కంపు ఉన్నట్టుండి తెలియకుండా పోయింది. కంపు పోయిందంటే విషవాయువు ముక్కును చంపేసినట్టే.

"చాలు, పైకి రావయ్యా."

లోపల మూడు దెబ్బలు మోగాయి. ఆమె తాడు లాగితే ఖాళీ ముడి వచ్చింది.

"నీకు దణ్ణం పెడతా, ఒక్క మాట మాట్లాడు."

మళ్ళీ మూడు దెబ్బలు. ఈసారి అవి ఆవరణ చివర, నీటిని తప్ప నలుసును కూడా దాటనివ్వని వడపోత పొరల అవతల, శుభ్రమైన నీళ్ల తొట్టెలోంచి వచ్చాయి.

నిచ్చెన మీద కాలు పెట్టబోయిన ఓర్నెల్లా ఆగిపోయింది.

"ఎక్కడున్నావయ్యా?"

రెండు తొట్టెల్లోంచీ ఒకేసారి దెబ్బలు మోగాయి.