ఇసకలో ఎర్ర చుక్క

పెద్ద ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, శివరాత్రి నాలుగు రోజులుందనగా, కొండలయ్య బెజవాడ భవానీపురంలో, ఉప్పెనలో కొంపలు పోయినవాళ్ళకి ఇళ్ళు రాసే ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. పక్కన లాజరు. బురదనీళ్ళు కొట్టిన దగ్గర్నుంచి లాజరుకి చూపు మసక. అతని భుజం పట్టుకుని నడిపిస్తుంటే, కావిడి మోసి మోసి కాసిన కాయ కొండలయ్య అరచేతికి గట్టిగా తగిలింది.

"ఇంకెన్ని మెట్లు బావా?"

"నాలుగు. కాలెత్తు."

"తుఫాన్లో తెరచాప దించమన్నట్టు అరుస్తావేంది? నాకు చూపే పోయింది, చెవులు బానే ఉన్నాయి."

ఇద్దరి ఊళ్ళకీ మధ్య ఒక్క కాలవ. కొండలయ్యది పోలేరమ్మదిబ్బ. లాజరుది శౌరయ్యపాలెం. వరస కాకపోయినా చిన్నప్పటి నుంచి బావా అంటే బావా. ఉప్పెననాడు ఇద్దరికీ ఒకే తాటిచెట్టు దొరికింది. పట్టు తప్పుతున్న కొండలయ్యని లాజరు తన పంచె విప్పి చెట్టుకి కట్టేశాడు.

వరండాలో బెంచీ మీద లాజరు కూలబడ్డాడు.

"నేనొచ్చి ఏం చూస్తాను బావా. నువ్వే నాకు మబ్బులాగా కనబడతన్నావు. మా ఊరు కూడా నువ్వే చూసిపెట్టు."

"సరే."

"శౌరయ్యపాలెం. మరిచిపోబాకు."

"నీ ఊరి పేరు నాకు చెప్తావా? కూకో."

లోపల గోడకి రెండు బొమ్మలు గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. ఆఫీసరు వెంకటకృష్ణారావుకి ముప్పై ఏళ్ళుంటాయి.

"ఇవి ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసినవి పెద్దాయనా. ఎడమది ఉప్పెనకి ముందు. కుడిది తర్వాత."

"ఆ ఎరుపేందండీ? నెత్తురా?"

"కాదు. చెట్టూ పైరూ ఇందులో ఎర్రగా పడతాయి. నలుపు నీళ్ళు. తెలుపు ఇసక. మీ ఊరెక్కడో చూపించండి."

కొండలయ్య నలభై ఏళ్ళు సముద్రం మీద నుంచి ఆ ఒడ్డు చూసినవాడు. పై నుంచి ఎప్పుడూ చూడలేదు. వేలు ఒడ్డు వెంట పాకించాడు. కాలవ వెంట్రుకంత కూడా లేదు.

"ఇక్కడెక్కడో ఉండాలండీ. పోలేరమ్మదిబ్బ. డెబ్భై గుడిసెలు."

"గుడిసెలు ఇందులో కనబడవు. మీరున్నది పోరంబోకు, రికార్డుల్లోనూ ఊరు లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ మాకూ ఊరుండేదంటున్నారు. అందుకని, ఉప్పెనకి ముందు బొమ్మలో మనుషులున్న ఆనవాలు ఏదన్నా ఉంటేనే పక్కా ఇళ్ళు రాయమన్నారు."

"అంటే మేం అక్కడ లేమాండీ?"

"నేననటం లేదు. బొమ్మ అంటోంది."

"మా ఆడదాన్ని ఆ ఇసకలోనే పూడ్చానండీ. నాంచారమ్మని."

ఆఫీసరు తల దించుకున్నాడు.

కొండలయ్య ఎడమ బొమ్మ వంకే చూస్తూ నిలబడ్డాడు. సముద్రం గుడిసె పట్టుకుపోయింది, మనిషిని పట్టుకుపోయింది. కూడు పెట్టిన సముద్రం అట్లా చేస్తుందని ఎవరనుకున్నారు! ఇప్పుడు పై నుంచి చూసిన కన్ను కూడా మాట తప్పింది. మేము ఉన్నాం అన్న మాట కూడా లేకుండా చేసింది. మిగిలిన ముప్పై ఒక్కమంది టార్పాలిన్ల కింద ఉన్నారు. పసివాళ్ళు దగ్గుతున్నారు.

"ఇదేంటి?" అన్నాడు ఆఫీసరు. పెన్సిల్ మొనతో చూపించాడు. తెల్లటి ఇసకలో ఎర్ర చుక్క, ఆవగింజంత. కుడి బొమ్మలో అది లేదు.

కొండలయ్య ముందుకి వంగి చూశాడు.

"సరుగుళ్ళండీ."

"వాటంతటవే మొలిచాయా?"

"ఇసకలో సరుగుడు దానంతట అది మొలుస్తుందాండీ? అరవై తొమ్మిది తుఫాను తర్వాత నాటినవి. నాలుగెకరాలు. మైలు దూరం నుంచి రెండేళ్ళు కావిడితో మంచినీళ్ళు మోసి బతికించినవి. చూసినోళ్ళంతా నవ్వారు, సముద్రానికి దడి కడతన్నారా అని."

ఆఫీసరు ముఖం వెలిగింది. "ఇంతకన్నా ఆనవాలేం కావాలి! అయితే దగ్గర్లో ఇంకో ఊరేమన్నా ఉందా?"

కొండలయ్య తలుపు వైపు చూశాడు. బెంచీ మీద లాజరు మాటలు వినబడతాయేమోనని చెవి ఇటు పెట్టి కూర్చున్నాడు.

"కాలవ అవతల శౌరయ్యపాలెం అండీ. నలుగురే మిగిలారు."

"వాళ్ళకి చెట్లుండేవా?"

పైన ఫ్యాను కిర్రుమంటోంది. కొండలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"లేవండీ."

ఆఫీసరు రాసుకున్నాడు. "రోడ్డు పక్క మెరక మీద ఇళ్ళు. రేపే కొలతలవాళ్ళొస్తారు."

కొండలయ్య వరండాలోకి వచ్చాడు. అడుగుల చప్పుడుకి లాజరు లేచాడు.

"కనపడిందా బావా?"

"మాది రాశారు."

"అబ్బ! చల్లటి మాట చెప్పావు." లాజరు చేతులు జోడించాడు. "మరి మాది?"

"చూశాను. ఇసకే ఉంది."

లాజరు జోడించిన చేతులు దించాడు. "పై నుంచి చూసేది దేవుడొక్కడే అనుకున్నాను. ఈళ్ళకీ మేం కనపళ్ళేదన్నమాట" అన్నాడు. తర్వాత తనే తేరుకుని, "పోనీలే. మీ పిల్లలైనా తడవకుండా పడుకుంటారు" అన్నాడు.

బస్సు చల్లపల్లి చేరేదాకా కొండలయ్య కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

మర్నాడు ఉదయం మెరక మీద కొలతలవాళ్ళు గొలుసు పరిచారు. కర్రమేకుల మోపు ఎవరెత్తుతారన్నారు.

"చూపు లేదు గాని భుజం ఉందిగా" అని లాజరు ఎత్తుకున్నాడు.

కొండలయ్య అతని చెయ్యి పట్టుకుని నడిపించాడు. లాజరు ఒక మేకు తీసి, చేత్తో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సరుగుడు. ఉప్పుగాలికి పుచ్చదు బావా. ఊ, కొట్టు."

లాజరు పట్టుకున్న మేకు మీద కొండలయ్య సుత్తి దించాడు.

బొమ్మలో ఆ ఎర్ర చుక్కని కాలవ అవతల, తన ఊళ్ళో నాటింది లాజరు.