ఎర్ర రంగు కింద

"మజిల్ కారంటే సొంతంగా బిగించుకోవాలమ్మా, కొనుక్కోవడం కాదు" అన్నాను, రేసు మొదలయ్యే గీత దగ్గర పక్క వరుసలో ఆగిన ఒడెస్సా అనే పెద్దావిడతో. ఇద్దరివీ పెద్ద ఇంజన్‌తో దూసుకుపోయే మజిల్ కార్లే. ఆవిడది ఫ్యాక్టరీ నుంచి దిగిన కొత్త కారు. నాది పదకొండేళ్లు షెడ్డులో నా చేతులతో తయారుచేసుకున్నది.

ఆవిడ నవ్వింది. "కబుర్లు తరవాత, నాయనా. ముందు పచ్చ లైటు చూసుకో."

పావు మైలు పందెం. వెంట్రుకవాసిలో నేనే గెలిచాను. మిషిగన్ రాష్ట్రమంతా వినపడేలా హారన్ కొట్టాను.

దిగి ఆవిడ దగ్గరికి వెళ్లి, "ఇంతకీ మీ ఇంజన్ ఎవడు బిగించాడో తెలుసా?" అని దెప్పాను.

ఆవిడ బానెట్ ఎత్తింది. ఇంజన్ మీద చిన్న రేకు, దాని మీద ఆవిడ పేరు.

"డబ్బిచ్చి చెక్కించుకున్నారా?"

"పాతికేళ్లు అదే ఫ్యాక్టరీలో పనిచేశా. అక్కడ ఒక్కో ఇంజన్ మొత్తం ఒక్కరే బిగించి, తమ పేరు రేకు అంటిస్తారు. ఇది నా ఆఖరిది, అందుకే కొనుక్కున్నా. నీ ఇంజన్ కూడా నువ్వే చేశావా?"

"అదొక్కటీ గుద్దుకున్న కారులోంచి తెచ్చా" అని నసిగాను. "మిగతాదంతా నేనే."

నా బానెట్ కూడా ఆవిడే ఎత్తింది. ఇంజన్ మీదున్న రేకుతో సహా నేను అన్నిటికీ ఎర్ర రంగు కొట్టేశాను. ఆవిడ తాళంచెవితో ఆ రంగు గీకింది. కింద ముందు 'ఒ' బయటపడింది, ఆ వెనకే ఆవిడ పేరంతా.

"అయితే గెలిచిందీ నేనేగా!" అంటూ ఆవిడ నా కారులోకి వంగి, మిషిగన్ అంతా వినపడేలా హారన్ కొట్టింది.